ట్రాలీకి స్టెప్నీ – ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి?

బరంపురం బడా బజార్లో పొద్దున్నే ఒక పక్కగా నిలబడితే రకరకాల ట్రాలీలు కనిపిస్తాయి. ట్రాక్టర్ల వెనక పెద్ద తొట్లు, జీపుల వెనక రెండు చక్రాల చిన్న ట్రాలీలు. ఒకదాంట్లో సిమెంటు, ఒకదాంట్లో బస్తాలు, మరొకదాంట్లో పెళ్ళిపందిరి గుడ్డలు, కుర్చీలు. ఈసారి చూసినప్పుడు ఒక్క పని చేయండి. ట్రాలీ ముందుకు వెళ్ళి, వెనక్కి వెళ్ళి, కిందికి వంగి చూడండి. లాగే జీపుకు స్టెప్నీ ఉంటుంది. వెనక వచ్చే ట్రాలీకి చాలా చోట్ల ఉండదు. బరువంతా మోసేది ట్రాలీ. గతుకుల్లో పడేది ట్రాలీ. దాని టైరు పోతే మాత్రం మన దగ్గర మారు చక్రం లేదు.

ఈ సంగతి నాకు ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు. రోడ్డుమీద తెలిసింది.

మాకు వంటసామాను అద్దెకిచ్చే వ్యాపారం ఉంది. గుండిగలు, బూరెల మూకుళ్ళు, గాడిపొయ్యి చట్రాలు, గరిటెలు, నీళ్ళ డ్రమ్ములు. సరిహద్దుకు ఇటు ఒడిశాలోనూ, అటు శ్రీకాకుళం జిల్లాలోనూ పెళ్ళిళ్ళకు ఆ సామానంతా జీపు వెనక రెండు చక్రాల ట్రాలీలో వెళుతుంది. కొన్నేళ్ళ కిందట మాఘమాసంలో ఇచ్ఛాపురం అవతల ఒక పల్లెలో పెళ్ళి ఒప్పుకున్నాం. బరంపురం నుంచి ఇచ్ఛాపురం ఎంత దూరమని? సుమారు 25 కిలోమీటర్లు. రాత్రి 8 గంటలకు సామాను ఎక్కించి బయలుదేరాం. గిరిసోల దాటాక ట్రాలీ ఎడమ చక్రం పంచరయింది.

జీపు స్టెప్నీ దింపాం. అది ట్రాలీకి ఎక్కలేదు. జీపు చక్రానికి 5 స్టడ్డులు, ట్రాలీ చక్రానికి 6. అన్నాళ్ళూ ఆ రెండిటినీ రోజూ చూస్తూనే ఉన్నాం, ఏనాడూ లెక్కపెట్టలేదు. చివరికి పంచరు చక్రం విప్పి, మా బావమరిది ఒక లారీవాణ్ణి బతిమాలి, దాన్ని ఎక్కించుకుని వెనక్కి బరంపురం వెళ్ళాడు. నేను ఒక్కణ్ణీ ట్రాలీ దగ్గర కూర్చున్నాను. ఒక పక్కకు ఒరిగిపోయిన ట్రాలీ. పక్కన సర్రుమంటూ లారీలు. జీపు బ్యాటరీ ఎక్కడ దిగిపోతుందోనని లైటు కాసేపు వేయడం, కాసేపు ఆర్పడం. ఆర్పిన సమయంలో ఒక బస్సు వచ్చింది. దగ్గరికి వచ్చేదాకా డ్రైవరు మమ్మల్ని చూడలేదు. బ్రేకు చప్పుడు విన్నాను గానీ ఆ తరువాత కొంతసేపు ఏమీ వినపడలేదు. బస్సు మాకు ఒక బారెడు దూరంలో ఆగింది.

చక్రం వచ్చేసరికి రాత్రి 2 గంటలయింది. తెల్లవారుజామున గుండిగలు దించాం. పెళ్ళివారు ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టే ఎక్కువ సిగ్గేసింది. మర్నాడే నిశ్చయించుకున్నాం, ట్రాలీకి స్టెప్నీ కట్టాలని. అది కట్టడంలో చేసిన తప్పులు, ఆ తరువాత చేసిన ఒప్పులు ఈరోజు మీకు చెబుతాను. ఇది పెద్ద ఫ్యాక్టరీ పని కాదు. ఒక వెల్డింగు షాపు, ఒక పాత ఇనప్సామాను కొట్టు అందుబాటులో ఉంటే రెండు రోజుల్లో మనమే చేసుకోవచ్చు.

ముందుగా ఈ స్టెప్నీ అనే మాట సంగతి. మొదట్లో మోటారు కార్లు మారు చక్రం లేకుండానే వచ్చేవి. రోడ్లమీద గుర్రపు నాడాల మేకులు. టైరు పంచరయితే అక్కడే కూర్చుని అతుకు వేసుకోవాలి. 1904లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, లానెల్లీ అనే ఊళ్ళో, డేవీస్ అనే ఇంటిపేరు గల అన్నదమ్ములు గాలి కొట్టిన టైరుతో ఉన్న ఒక రిమ్ము తయారుచేశారు. పంచరయిన చక్రం విప్పకుండా దానికే దీన్ని బిగించి నడుపుకుపోవచ్చు. వాళ్ళ దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ వీధి. ఆ పేరే సరుకుకూ పెట్టారు. ఆ సరుకు దేశదేశాలకూ వెళ్ళింది. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను ఎప్పుడో వదిలేశారు. మనం మాత్రం ఈనాటికీ పట్టుకుని ఉన్నాం. వేల్స్‌లోని ఒక వీధి పేరు బడా బజార్ మెకానిక్కు నోట రోజుకు పదిసార్లు వస్తుంది.

ఈ మధ్య వస్తున్న కొన్ని కొత్త కార్లలో స్టెప్నీ ఉండదు. ట్యూబు లేని టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే యంత్రం, అతుకు వేసే సామగ్రి ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా సరేనని 2020లో మన దేశంలో నిబంధన సవరించారు. అది కార్ల సంగతి. బరువు మోసే, ట్యూబు టైర్ల ట్రాలీకి ఆ సౌకర్యాలేవీ లేవు. దానికి మారు చక్రమే గతి.

ఇక మేము చేసిన మొదటి తప్పు. బడా బజార్లో వెల్డింగు షాపుకు వెళ్ళి, ట్రాలీ వెనక భాగానికి రెండు యాంగిల్ ముక్కలు అతికించి, స్టెప్నీని అక్కడ బిగించాం. జీపులకు వెనకే ఉంటుంది కదా, చూడ్డానికీ బాగుంటుందనుకున్నాం. పని పూర్తయ్యాక మా చిన్నాన్న వచ్చి చూశాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఎడ్లబండి తోలేవాడు. ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగి ఇలా అన్నాడు:

"ఒరే, బండి ఎనక్కి మొగ్గితే కాడి పైకి లేచి ఎద్దు పీక నొక్కేస్తాదిరా. నీ జీపుకి పీక లేదనుకున్నావేటి?"

మేము నవ్వేశాం. ఆ వారమే సామాను వేసుకుని 16వ నంబరు జాతీయ రహదారి మీద ఛత్రపురం వైపు వెళుతున్నాం. వేగం 60 దాటేసరికి ట్రాలీ తోక ఆడించడం మొదలుపెట్టింది. కుడికీ ఎడమకూ ఊగుతూ జీపు వెనక భాగాన్ని కూడా ఊపేస్తోంది. మా బావమరిది బ్రేకు నొక్కలేదు. స్టీరింగు గట్టిగా తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు తీసేశాడు. వేగం తగ్గాక ఊగడం ఆగింది. శ్రోతలు ఈ మాట గుర్తుంచుకోవాలి. ట్రాలీ ఊగినప్పుడు జీపు బ్రేకు గట్టిగా నొక్కినా, ఊగే వైపుకు ఎదురుగా స్టీరింగు తిప్పినా ప్రమాదం పెరుగుతుంది. కాలు తీయాలి, తిన్నగా పట్టుకోవాలి.

ఇంటికి వచ్చి చిన్నాన్నను మళ్ళీ అడిగాం. ఆయన చెప్పింది ఎడ్లబండి తోలిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే. బండిలో బరువు ఇరుసుకు వెనక ఎక్కువయితే కాడి పైకి లేస్తుంది. మరీ ముందు ఎక్కువయితే ఎద్దు మెడ పుండు పడుతుంది. అందుకని బస్తాలు వేసేటప్పుడే కాస్త ముందు మొగ్గు ఉండేట్టు సర్దుతారు. మిగతాది తోలేవాడు తన ఒంటి బరువుతో సరిచేసుకుంటాడు. మిట్ట ఎక్కేటప్పుడు ముందుకు జరుగుతాడు, పల్లం దిగేటప్పుడు వెనక్కి జరుగుతాడు. జీపు ట్రాలీకి అలా జరిగే మనిషి లేడు. కాబట్టి ముందే సరిగా సర్దుకోవాలి.

ఈ ముందు మొగ్గును తూచి చూడొచ్చు. మేము చూశాం. జీపుకు తగిలించే ట్రాలీ ముందు భాగాన్ని షెడ్డుల్లో డ్రాబారంటారు. ఎడ్లబండి మాటలో చెప్పాలంటే నొగ. నేను నొగ అనే అంటాను. బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటా ఒకటి తెచ్చి, దానిమీద చెక్కముక్కలు పేర్చి, జీపు కొక్కెం ఉండే ఎత్తులోనే నొగ కొసను దానిమీద ఆనించాం. ట్రాలీ చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాం. సామానుతో సహా మా ట్రాలీ మొత్తం బరువు 800 కిలోలు. స్టెప్నీ లేకుండా నొగ కొస కాటామీద 60 కిలోలు తూగింది.

స్టెప్నీ చక్రం, దాని చట్రం కలిసి 30 కిలోలు. దాన్ని ఇరుసుకు 150 సెంటీమీటర్ల వెనక కట్టాం. ఇరుసు నుంచి కొక్కెం దూరం 240 సెంటీమీటర్లు. 30ని 150తో హెచ్చవేసి 240తో భాగించండి. దాదాపు 19 వస్తుంది. అంటే వెనక కట్టిన స్టెప్నీ ముందు మొగ్గులో 19 కిలోలు లాగేసింది. 60 కాస్తా 41 అయింది. 830 కిలోల ట్రాలీకి 41 కిలోల మొగ్గు, అంటే నూటికి 5 వంతులు కూడా లేదు. తోక ఆడించక ఏం చేస్తుంది?

అదే చక్రాన్ని నొగమీద, ఇరుసుకు 160 సెంటీమీటర్ల ముందు కడితే? 30ని 160తో హెచ్చవేసి 240తో భాగిస్తే సరిగ్గా 20. అరవైకి 20 కలిపితే 80 కిలోలు. ఒకే చక్రం, ఒకే ట్రాలీ, తేడా 39 కిలోలు. ఇలాంటి రెండు చక్రాల ట్రాలీలకు మామూలుగా చెప్పే లెక్క, మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు నొగ కొసమీద ఉండాలని. మాకు 10కి కొద్దిగా తగ్గింది. పెద్ద గుండిగ ఒకటి ఇరుసు ముందుకు జరిపితే సరిపోయింది. అలాగని మొగ్గు మరీ పెంచకూడదు. జీపు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికయి, స్టీరింగు పట్టు తప్పుతుంది. మీ కొక్కెం, మీ బండి ఎంత మోయగలవో ఆ హద్దు దాటకండి.

కాబట్టి మొదటి నిర్ణయం ఇది. రెండు చక్రాల ట్రాలీకి స్టెప్నీ చోటు ముందు, నొగమీద. వెనక కట్టడంలో ఇంకో దోషం కూడా ఉంది. నంబరు పలకనూ, ఎర్ర లైటునూ అది మూసేస్తుంది. ఆ రాత్రి బస్సు డ్రైవరు మమ్మల్ని ఎందుకు చూడలేదో గుర్తుచేసుకుంటే, లైటును మూసే పని ఎవరమూ చేయం.

రెండో నిర్ణయం, ఏ చక్రం? ముందు స్టడ్డులు లెక్కపెట్టండి. మేము ట్రాలీ హబ్బులు మార్పించి జీపు చక్రమే పట్టేట్టు చేయించాం. 5 స్టడ్డులు, 6.00-16 టైరు. ఇప్పుడు జీపు స్టెప్నీ ట్రాలీకి వస్తుంది, ట్రాలీ స్టెప్నీ జీపుకు వస్తుంది. హబ్బు మార్చేటప్పుడు బేరింగు మీ బరువుకు తగినదో కాదో తెలిసిన మెకానిక్కుతో చూపించుకోవాలి. ఆ ఖర్చు వద్దనుకుంటే ట్రాలీ చక్రంలాంటి చక్రమే ఇంకొకటి కొని కట్టుకోండి. "జీపు స్టెప్నీ ట్రాలీకి వస్తుంటే మళ్ళీ రెండోది ఎందుకు?" అని అడగవచ్చు. ఒక్క పంచరుకయితే ఒకటి చాలు. మనది తుఫానుల తీరం. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మనకు గుర్తే. గాలివాన వెలిశాక రోడ్లమీద రేకులు, రేకుల మేకులు ఎలా పడి ఉంటాయో తెలుసు కదా. సామాను అవసరమయ్యేదీ ఆ రోజుల్లోనే.

ఇక చట్రం తయారీ. పాత ఇనప్సామాను కొట్లో పాడైపోయిన జీపు హబ్బు ఒకటి వెతకండి. తిరగడానికి పనికిరాకపోయినా ఫరవాలేదు. స్టడ్డులు, వాటి మరలు బాగుంటే చాలు. చక్రం రంధ్రాలకు అది అచ్చుగా సరిపోతుంది, కొలతల బాధ ఉండదు. ఆ హబ్బును 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప పలకకు అతికించండి. పలకను నిలువుగా కాక, పైభాగం ట్రాలీ వైపుకు వాలి ఉండేట్టు నిలబెట్టండి. అలా వాలి ఉంటే నట్లు విప్పాక చక్రం మనమీద పడదు, చట్రానికే ఆనుకుని ఉంటుంది. చక్రం అడుగు ఆనడానికి కింద ఒక చిన్న ఊయలలాగా వంచిన పట్టీ పెట్టండి. దింపేటప్పుడు చక్రాన్ని నట్ల నుంచి జరిపి ముందు ఆ పట్టీమీద నిలబెట్టొచ్చు. అక్కడినుంచి నేలకు. ఎక్కించేటప్పుడు నేలనుంచి పట్టీమీదకు, పట్టీ నుంచి స్టడ్డుల్లోకి. ఒకేసారి ఎత్తే పని లేదు కనుక ఒక్క మనిషి చేయగలడు. పట్టీ మోకాలి ఎత్తు దాటకుండా చూసుకోండి.

ఈ చట్రాన్ని నొగకు ఎలా కలపాలి? ఇక్కడ చాలామంది తొందరపడతారు. వెల్డింగు మిషను ఎదురుగానే ఉంది కదా, రెండు టాకాలు వేసేయమంటారు. నొగ మామూలు ఇనుము కాదు. ట్రాలీ మొత్తాన్ని లాగేది అదే. గతుకు గతుకుకూ వంగుతూ లేస్తూ ఉంటుంది. వంగే దూలానికి ఎక్కువ ఒత్తిడి పడేది పై అంచుమీద, కింది అంచుమీద. నడుమ భాగంలో తక్కువ. పై అంచుమీద అడ్డంగా వెల్డింగు వేస్తే ఆ కాలిన చోట కాలక్రమాన సన్నటి పగులు మొదలవుతుంది. రంధ్రం వేసినా అంతే. పగులు కనిపించదు, రంగు కింద దాక్కుంటుంది. ఏదో ఒకరోజు నొగ విరుగుతుంది. పంచరయితే ట్రాలీ ఆగుతుంది. నొగ విరిగితే అది ఎదుటివాళ్ళ మీదకు వెళుతుంది.

అందుచేత నొగను కోయకండి, కాల్చకండి. దాని రెండు కర్రలమీదా అడ్డంగా రెండు చానల్ ముక్కలు వేసి, కింద ఒక్కొక్కదానికి ఇనప పలక పెట్టి, 12 మిల్లీమీటర్ల యు బోల్టులతో బిగించండి. నాలుగు యు బోల్టులు చాలు. వెల్డింగు ఏదయినా ఉంటే ఆ చానల్ ముక్కల మీదే. స్ప్రింగు వాషరు, నైలాన్ లాక్ నట్టు వాడండి. కొత్తగా బిగించింది కుదురుకుంటుంది కనుక 50 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, 200 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి పానా పెట్టి చూడండి. తప్పనిసరిగా రంధ్రమే వేయాల్సివస్తే పై అంచులోనూ కింది అంచులోనూ కాక, నిలువు భాగం నడుమ వేయండి.

బోల్టులు పూర్తిగా బిగించకముందే ఇంకో పని చేయాలి. జీపు తగిలించి, ఖాళీ స్థలంలో కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి పూర్తిగా తిప్పి చూడండి. మలుపులో జీపు వెనక మూల నొగ దగ్గరకు వస్తుంది. స్టెప్నీకీ జీపుకూ మధ్య కనీసం ఒక జానెడు ఖాళీ మిగలాలి. చిన్న గట్టు ఎక్కించి కూడా చూడండి. జీపు ముక్కు పైకి లేచినప్పుడు దాని వెనక భాగం కిందికి వస్తుంది. రక్షణ గొలుసు, లైటు తీగ, నొగ కింది ముక్కాలి చట్రానికి తగలకుండా ఉండాలి. ట్రాలీ పొడవూ వెడల్పూ పెరిగే మార్పేదీ చేయకండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. సందేహం ఉంటే పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు.

గోపాలపూర్ వైపునుంచి వచ్చే ఉప్పుగాలి మన ఇనుమును తినేస్తుంది. చట్రానికి రెండు పూతలు రెడాక్సైడు, పైన రంగు వేయండి. స్టడ్డుల మరలకు గ్రీజు... ఇక్కడ జాగ్రత్త. చట్రంలోని హబ్బు స్టడ్డులకు గ్రీజు పూయొచ్చు. నడిచే చక్రాల స్టడ్డులకు పూయకూడదు, నట్లు అవసరానికి మించి బిగుసుకుపోతాయి. టైరుకు ఎండ శత్రువు. కాన్వాసు తొడుగు కుట్టించండి. గోనెసంచి కప్పితే తడి పట్టి, డిస్కు తుప్పు పడుతుంది. దొంగల భయం ఉంటే గొలుసు, తాళం. ఆ తాళంచెవి ఇంట్లో మేకుకు కాక, జీపు తాళాల గుత్తిలో ఉండాలి.

స్టెప్నీ కట్టేశాం కదా అని మరచిపోవడం ఇంకో రోగం. అవసరమొచ్చిన రోజున దింపితే అందులో గాలి ఉండదు. నెలకొకసారి మిగతా చక్రాలతోపాటు దానికీ గాలి చూపించండి. టైరు పక్కన నాలుగు అంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని అర్థం. కొనేటప్పుడు ఆ అంకె చూడండి. తిరగకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది. పక్కల సన్నటి పగుళ్ళు కనిపిస్తే, పళ్ళు ఎంత బాగున్నా ఆ టైరును నమ్మకండి.

చక్రంతోపాటు ఉండాల్సిన సామాను ఒక పెట్టెలో సర్దండి. బరువుకు తగిన జాకీ, దాని కిందికి ఒక మందపాటి చెక్క, నట్లకు సరిపోయే పానా, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కదిమ్మలు రెండు, టార్చిలైటు, వెలుగు పడితే మెరిసే ఎర్ర త్రికోణాలు.

ఇక రాత్రిపూట చక్రం మార్చే పద్ధతి. వీలయినంత వరకు బండిని తారు దిగించి పక్కకు తీయండి. ట్రాలీని జీపు నుంచి విప్పకండి. జీపును గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయండి. త్రికోణాన్ని వెనక కనీసం 50 అడుగులు వేసి అక్కడ పెట్టండి, వేగంగా వచ్చే దారయితే ఇంకా దూరం. మంచి చక్రానికి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. నట్లను జాకీ ఎత్తకముందే కాస్త వదులు చేయండి. కొన్ని పాత జీపుల్లో ఎడమ పక్క నట్లకు ఎడమ మర ఉంటుంది. తిరగడం లేదని కండబలం చూపించేముందు ఏ వైపు తిప్పుతున్నారో చూసుకోండి. జాకీ కింద చెక్క వేసి, ఇరుసు కింద, కమాన్ కట్టకు దగ్గరగా పెట్టి ఎత్తండి. ట్రాలీ కిందికి దూరకండి. కొత్త చక్రం ఎక్కించాక నట్లను వరసగా కాక, ఒకటి విడిచి ఒకటి బిగించండి. కిందికి దింపాక మళ్ళీ గట్టిగా బిగించండి. కొంతదూరం వెళ్ళాక ఆగి, ఇంకోసారి చూడండి.

మన దారుల్లో ఇంకో అలవాటు ఉంది. బండి ఆగితే వెనక రాళ్ళు పేరుస్తారు, కొమ్మలు పరుస్తారు. పని అయ్యాక బండి వెళ్ళిపోతుంది, రాళ్ళు రోడ్డుమీదే ఉండిపోతాయి. ఆ తరువాత వచ్చే మోటారు సైకిలు కుర్రాడికి ఆ రాయే యముడు. మీరు పెట్టిన రాయిని మీరే తీసి బయలుదేరండి.

ట్రాక్టరు తొట్టి ఉన్న రైతులకు ఒక మాట. మీ చక్రం చాలా బరువు, ఒక్కరే ఎత్తే ప్రయత్నం చేయకండి. రెండు చక్రాల తొట్టికి ఇరుసు వెనకగా ఉంటుంది కనుక నొగమీద ముందే చాలా బరువు పడుతుంది. అక్కడ ఇంకా పెంచకుండా, స్టెప్నీని తొట్టి చట్రానికి ఇరుసు ముందు, పక్కగా, కిందికి ఉండేట్టు కట్టించండి. ట్రాక్టరు పెద్ద చక్రం మలుపులో తగలకూడదు. వెనక ఎర్ర లైటు, మెరిసే పట్టీలు లేకపోతే స్టెప్నీకన్నా ముందు అవి పెట్టించండి. తొట్లో మనుషులను ఎక్కించి యాత్రలకూ పెళ్ళిళ్ళకూ తీసుకెళ్ళడం మాత్రం ఏ స్టెప్నీ ఉన్నా తప్పే.

మా ట్రాలీకి స్టెప్నీ ముందుకు మార్చాక నాలుగైదుసార్లు పంచరయింది. ఒకసారి వానాకాలంలో, రంభ దాటాక, రాత్రి 11 గంటలకు. ఆరోజు మా బావమరిది ఒక్కడే ఉన్నాడు. మొత్తం పని అరగంటలో ముగించి, పంచరు చక్రాన్ని అదే చట్రానికి బిగించి, మధ్యలో ఎక్కడా ఆగకుండా బడా బజారు వచ్చేశాడు. మర్నాడు కాఫీ తాగుతూ చెబితేగానీ మాకు ఆ సంగతి తెలియలేదు.

మా చిన్నాన్న విని, "అదిరా బండంటే" అన్నాడు. నిజానికి ఆయన కాలంలో ఎడ్లబండి ఇల్లు కదిలేముందు కడచీలలు సరిగా ఉన్నాయా, ఇరుసుకు కందెన ఉందా, బరువు ఎటు మొగ్గింది అని చూడకుండా ఎవరూ బయలుదేరేవారు కారు. కర్రచక్రం పోయి రబ్బరు టైరు వచ్చింది. చూసి బయలుదేరే అలవాటు మాత్రం పోనివ్వకూడదు.

మీ ట్రాలీ ఇప్పుడు వాకిట్లోనే ఉంటే, రేపు ఉదయం ఒకసారి దాని చుట్టూ తిరగండి. ముందు స్టడ్డులు లెక్కపెట్టండి. మిగతా పని అక్కడినుంచి మొదలవుతుంది.